నడుమెత్తున ఒక చార

డండీలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
డబ్బాలు మోసుకుంటూ ఎక్కేసరికి
తలుపు తీసి నిలబడి ఉంది ఎల్స్పెత్
చేతిలో తడిగుడ్డతో,
నేనేదో ఆలస్యం చేసినట్టు.

"కడిగితే మరక పోవాలి.
రంగు పోకూడదు.
అంతకంటే నేనేం అడగను."

నడవా పొడుగునా, కుడి గోడ మీద
నడుమెత్తున ఒక చార.
పడకగది గుమ్మం నుంచి బాత్రూము దాకా,
అక్కణ్ణుంచి వంటింట్లో కుర్చీ దాకా,
జిడ్డుగా, బూడిదరంగులో,
ఎక్కడా తెగకుండా.
అది డూగల్ చెయ్యి.
జనపనార మిల్లులో మగ్గాలకు
నలభై ఏళ్ళు నూనె పెట్టిన చెయ్యి.
షుగరు కళ్ళు తినేశాక
ఆయన ఈ ఇంట్లో నడిచేది చేత్తోనే.

నా పద్ధతిలో నేను పోయాను.
అట్టముక్క మీద మూడు రకాలు పూసి, ఆరబెట్టి,
ఆవిడ కప్పులోంచే తలా రెండు చుక్కల టీ వేసి
మర్నాడు తుడిచి చూపించాను.
చవక మ్యాటు, మరకను సాగనంపడానికన్నట్టు
తనూ గుడ్డలోకి వచ్చేసింది.
సిల్కు శుభ్రపడింది గానీ
పక్కకి వాలి చూస్తే గోడ పాపాలన్నీ మెరుస్తాయి.
మూడోది మెరవదు, ఊడదు.
ధర మాత్రం కాస్త కుడుతుంది.

"ఎన్నిసార్లు తుడవొచ్చు?"
డబ్బా మీద పదివేలని ఉంది.
వారానికొకసారి చొప్పున
ఆవిడ వేళ్ళమీద ఏదో లెక్కేసుకుంది.
"అన్నెందుకు నాయనా,
ఓ నాలుగొందలు చాలు మాకు."
నేను మూత తీసే పనిలో పడ్డాను.

ముందు గోడంతా షుగర్ సోప్‌తో కడిగాను.
పేరుకే తప్ప అందులో చక్కెర ఉండదు.
పేరు విని డూగల్ కుర్చీలోంచి నవ్వాడు:
"కళ్ళయ్యాయి. ఇక గోడలా?"

తర్వాత లప్పం.
నెర్రెలు, చిల్లులు,
బాత్రూము పక్కన తేమకి ఉబ్బిన పొక్కు,
ఎప్పుడో ఊడిపోయిన మేకు తాలూకు గుంట,
అన్నీ గీకి, పూడ్చి,
గరుకు కాగితంతో రుద్ది రుద్ది
దీపం అడ్డంగా పట్టి చూశాను.
ఒక్క నీడ పడితే ఒట్టు.
ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా చెప్పుకున్నాను.

మొదటి పూత ఆరిన పొద్దున
నడవా మధ్యలో ఆగిపోయి ఉన్నాడాయన.
అరచెయ్యి గోడకానించి
పైకీ కిందకీ వెతుకుతూ,
గడ్డకట్టిన చెరువు మీద నిలబడ్డవాడిలా.
"ఎల్స్పెత్, ఎవరిల్లిది?"

పొక్కు తగిలితే బాత్రూమని,
మేకు గుంట దాటి నాలుగడుగులేస్తే వంటిల్లని
నాకెవరూ చెప్పలేదు.
నేనూ అడగలేదు.

సుత్తికి గుడ్డ చుట్టాను.
ఆవిడ ఆయన వేలు పట్టుకుని గోడకి పెట్టింది.
"ఇక్కడా?"
"రెండు వేళ్ళు పైకి."
కొట్టాను.
తడిమి చూసి పెదవి విరిచాడు.
"ఏంటయ్యా, పసిపిల్లని జోకొట్టినట్టు."
మళ్ళీ కొట్టాను.

గుంట నయం, పొక్కే కష్టం.
ఎంత పనితనమున్నా తేమ చేసినట్టు రాదు.
చిటికెడు లప్పం పెట్టి
బొటనవేలితో వత్తి వదిలేశాను.
ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.
చూశాడనే అంటున్నాను.

రెండో పూత వాటి మీదుగానే వేశాను,
బ్రష్షు మెల్లగా, ఒక్కొక్క అంచూ మునగకుండా.

వంటింట్లో బిల్లు రాయడానికి కూర్చున్నాను.
రంగు ఇన్ని లీటర్లు, కూలీ ఇన్ని రోజులు.
'గుంటలు పూడ్చడం' అని రాసి కొట్టేశాను.
'గుంట ఒకటి, పొక్కు ఒకటి, కొత్తవి' అని రాశాను.
ఆ గడిలో ఏ అంకె వెయ్యాలో తెలియక
పెన్ను పట్టుకుని అలాగే ఉన్నాను,
నడవాలో చెప్పుల చప్పుడు
ఆగకుండా దగ్గరకొస్తుంటే.